పురిట్లో పిండని పాలు

మా చెల్లెలి కొడుకు కిషోరు ఫోను చేయకుండా ఇంటికొచ్చాడంటే ఏదో మోసుకొచ్చాడన్నమాటే. వాడికి అచ్యుతాపురం దగ్గర ఒక కంపెనీలో పని. ఆదివారం తప్ప మనిషి కంటికి కనబడడు. ఆ రోజు బుధవారం. మా ఆవిడ పెట్టిన ఉప్మా నాలుగు ముద్దలు తిని, ఆవిడ పెరట్లోకి వెళ్ళేదాకా ఆగి, "మావయ్యా, నాన్న ఒప్పుకోడం లేదు. నువ్వొక్కమాట చెప్తే ఇంటాడు" అన్నాడు. దేనికని నేను అడగలేదు. మే నెల ఎండలో కూడా బనీను మీద టీషర్టు, దాని మీద ఇంకో చొక్కా వేసుకుని, భుజాలు ముందుకు వంచుకుని కూర్చునే ఆ కుర్రాణ్ణి ఎనిమిదేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు. నాకు అరవై నాలుగేళ్ళు వచ్చాయి, ఇప్పటికీ అలాగే కూర్చుంటాను.

సంగతేమిటంటే, మగపిల్లాడికి రొమ్ములు ఆడపిల్లకి పెరిగినట్టు పెరిగితే దానికి ఇప్పుడు ఆపరేషను ఉందట. విశాఖపట్నంలో చేస్తారట. వాళ్ళ నాన్న, అంటే మా బావ, అక్కర్లేదన్నాడు. ఎందుకక్కర్లేదో కూడా చెప్పాడట. "మీ మావయ్యకి నేదా? ఏటైపోనాడు? ఉద్దోగం సేసేడు, పెళ్ళి సేసుకున్నాడు, ఇద్దర్ని కన్నాడు. నీకే వొచ్చినాదేటి?" అని. కిషోరు ఆ మాటలు నేల చూస్తూ అప్పజెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. యాభై ఏళ్ళుగా నేను నోరెత్తని సంగతి వాళ్ళింట్లో అన్నాల దగ్గర సాక్ష్యానికి పనికొచ్చింది! నేను హాయిగా బతికేశానని మా బావ నా తరఫున వాఙ్మూలం ఇచ్చేశాడు. అది నిజమో కాదో ఇప్పుడు నేను చెప్పాలి. నా మాట మీదే వాడి ఆపరేషను ఆగివుంది. "ఆలోచించి చెప్తాను, వెళ్ళు" అని వాణ్ణి పంపేశాను.

మాకు అనకాపల్లిలో ఊరి బయట ఎకరన్నర చెరుకు ఉండేది. బెల్లం వండే రోజులొస్తే ఇల్లంతా పాక దగ్గరే. గానుగ పక్కన పెద్ద పెనం, దాని కింద ఎండిన చెరుకు పిప్పి మంట. రసం మరుగుతూ మడ్డి తేలేటప్పుడు పచ్చి వాసన వేసేది. పాకం ముదిరేకొద్దీ ఆ వాసన తియ్యగా, కాస్త మాడినట్టుగా మారి బట్టలకీ జుట్టుకీ పట్టేసేది. నాన్న పెనం దగ్గరున్నంతసేపూ మాట్లాడేవాడు కాదు. కొబ్బరి చిప్పలో నీళ్ళు పోసుకుని, అందులో ఒక చుక్క పాకం వేసి, వేళ్ళ మధ్య నలిపి చూసి తల ఊపితే పెనం దించాలి. ఊపకపోతే ఆగాలి. మా మామ్మ, అంటే నాన్న తల్లి, కాస్త దూరంలో పీట వేసుకుని, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ అందరి మీదా అజమాయిషీ చేసేది. ఆ వేడికి మగవాళ్ళెవరి ఒంటి మీదా గుడ్డ నిలిచేది కాదు. గోచీ, తలకి తువ్వాలు, అంతే. పన్నెండేళ్ళు వచ్చేదాకా నేనూ అంతే.

పదమూడో ఏట ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. చొక్కా రాసుకుంటే చాలు ప్రాణం పోయేది. నెల తిరక్కుండా కుడివైపూ అంతే. కొన్నాళ్ళకి నొప్పి పోయింది, గడ్డలు పోలేదు, పెరిగాయి. నేను సన్నగా ఉండేవాణ్ణి కాబట్టి మరీ కనబడేవి. ఆ ఏడు బెల్లం వండేటప్పుడు నేను చొక్కా విప్పలేదు. మంటలోకి పిప్పి ఎగదోస్తుంటే చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అతుక్కుంటే ఇంకా బాగా కనబడుతుందని నాకు తోచలేదు. "ఏటిరా, పెళ్ళికొడుకునాగ సొక్కా ఏసుకొని నిలబడ్డావు? ఇప్పీసి అక్కడెట్టు" అన్నాడు మా చిన్నాన్న. నేను విప్పకపోతే ఆయనే వచ్చి లాగేశాడు. నాన్న తెడ్డు ఆపి చూశాడు, మళ్ళీ పెనం వైపు తిరిగాడు. ఆ పాకం ముదిరిపోయింది. నాన్న చేతిలో పాకం ముదరడం అదొక్కసారే చూశాను. ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఆయన ఆ సంగతి నా దగ్గర ఎత్తలేదు.

ఎత్తింది మామ్మ. ఆ సాయంత్రం అమ్మని పిలిచి అందరి ముందూ నిలబెట్టింది. "పురిట్లో పాలు పిండనిచ్చేవు కాదు గదే! ఆ పాలే గెడ్డ కట్టీసినాయి. నా మనవణ్ణి ఆడదాన్ని సేసీసేవు" అంది. పుట్టిన బిడ్డకి, ఆడైనా మగైనా, రొమ్ములు కాస్త ఉబ్బి ఒకటి రెండు చుక్కలు పాలలాంటివి కారడం కద్దు. మా వైపు మంత్రసాని పురుడు వెళ్ళేదాకా రోజూ నీళ్ళు పోసేటప్పుడు ఆ రొమ్ములు పిండేది. పిండకపోతే పెద్దయ్యాక పెరిగిపోతాయని నమ్మకం. నేను పుట్టింది అమ్మ కన్నవారి ఊరు రావికమతంలో. అప్పటికి అమ్మకి పదిహేడేళ్ళు. మంత్రసాని మొదటిసారి పిండేసరికి నేను గుక్కపట్టి ఏడ్చానట. అమ్మ మంచం మీంచి దిగి, బిడ్డని లాక్కుని, మళ్ళీ ఆ ముసలమ్మ చేతికి ఇవ్వలేదట. అప్పట్లో దాన్ని నవ్వుతూ చెప్పుకున్నారు. పదమూడేళ్ళ తర్వాత అదే నేరమైంది. అమ్మ తల దించుకుని నిలబడింది. ఎదురు చెప్పడానికి ఏముంది? ఆమె కూడా అదే నమ్మింది.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. లోపలున్న పాలు చాలవా అని మామ్మ నాకు పాలూ పెరుగూ మాన్పించింది. రోజూ సాయంత్రం ఆముదం ఆకులకి నూనె రాసి, వెచ్చచేసి రొమ్ముకి కట్టేది. గడ్డలు తగ్గలేదు గానీ నా పక్క బట్టలన్నీ ఆముదం వాసన కొట్టేవి. ఆరెంపీ డాక్టరు బలానికని ఎర్ర మాత్రలిచ్చి, "పెళ్ళైతే అదే సద్దుకుంటాది" అన్నాడు. పధ్నాలుగేళ్ళవాడికి చెప్పే మందేనా అది! అమ్మ మాత్రం మందుల జోలికి పోలేదు. పెరట్లో నూతి దగ్గర రెండు గెడలు పాతి, పాత చీర అడ్డం కట్టింది, నేను స్నానం చేసేటప్పుడు ఎవరూ చూడకుండా. దళసరి గుడ్డ కొని, రొమ్ము దగ్గర రెండు మడతలు వచ్చేట్టు చేత్తో బనీన్లు కుట్టింది. అవి తడిస్తే ఆరడానికి రెండు రోజులు పట్టేది. చొక్కాలకి మెయిన్ రోడ్డు సందులో ఉండే దర్జీ సాయిబు గారి దగ్గరికి తీసుకెళ్ళి, "రెండేపులా జేబులెట్టు బాబూ, ఒదులుగా కుట్టు" అని చెప్పేది. ఆయన మొదటిసారి టేపు చుట్టబోయి, నా మొహం చూసి, టేపు తన మెళ్ళో వేసేసుకున్నాడు. "చెయ్యెత్తక్కర్లే బేటా, కొలత నా కంటికి తెలుస్తాది" అన్నాడు. పదేళ్ళు నాకు చొక్కాలు కుట్టాడు, మళ్ళీ ఎప్పుడూ టేపు తీయలేదు. ఆ మర్యాద నాకు ఇంకెవరి దగ్గరా దొరకలేదు.

బళ్ళో మర్యాద ఎక్కడిది? వానలో తడిసి తరగతిలోకి వచ్చిన ఒక రోజు వెనక బెంచీవాడు కనిపెట్టేశాడు. "ఈడు పుట్టినూరు రావికమతం కాదురా, రవికమతం!" అన్నాడు. దీర్ఘం ఒక్కటి తీసేశాడు, ఊరి పేరులోకి రవిక వచ్చి కూర్చుంది. మా తరగతిలో దీర్ఘానికీ హ్రస్వానికీ తేడా తెలిసినవాళ్ళు నలుగురు కూడా ఉండరు. తెలుగు మేష్టారు ఎన్ని బెత్తాలు విరగ్గొట్టినా వాళ్ళకి రాలేదు. ఆ ఒక్క మాట మాత్రం అందరూ తప్పులేకుండా పలికేవారు. శారదా నదిలో ఈతకి వెళ్ళడం మానేశాను. కబడ్డీ మానేశాను. పుట్టిన ఊరేదని ఎవరైనా అడిగితే అనకాపల్లి అని అబద్ధం చెప్పేవాణ్ణి.

పరుగు ఒక్కటే మానలేదు. తెల్లారగట్ల చెరుకు తోటల మధ్య బాట మీద ఒక్కణ్ణే పరిగెత్తేవాణ్ణి, చూసేవాళ్ళు ఉండరని. ఆ పరుగే ఆశ పెట్టింది. ఇరవయ్యో ఏట పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్లకి విశాఖపట్నం వెళ్ళాను. నాన్నకి బెల్లం పని, అమ్మ తోడు వచ్చింది. పరుగులో నాలుగోవాడిగా వచ్చాను. ఆ ఆయాసంలో, ఆ సంతోషంలో నా ఒంటి సంగతే మర్చిపోయాను. తర్వాత మమ్మల్ని ఒక పక్కకి పిలిచి వరసలో నిలబెట్టారు. "చొక్కా, బనీను తీసి చేత్తో పట్టుకోండి, ఛాతీ కొలుస్తాం" అన్నారు. నా ముందు పదకొండు మంది. ఒక్కొక్కడూ ఊపిరి పీల్చి రొమ్ము పొంగిస్తున్నాడు, టేపు పట్టుకున్నాయన అంకె గట్టిగా అరుస్తున్నాడు, పక్కనున్నాయన రాసుకుంటున్నాడు. నేను గుండీలు మూడు విప్పాను. నాలుగోది విప్పలేకపోయాను. ముందు ఇద్దరే మిగిలేసరికి కడుపునొప్పని చెప్పి వరసలోంచి బయటికొచ్చేశాను. నన్నెవరూ ఆపలేదు. ఒకడు తగ్గితే వెనకవాళ్ళకి సంతోషమే కదా.

బయట గోడ పక్కన అమ్మ అన్నం మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేచి, "అయినాదా నాయినా?" అంది. ఏడేళ్ళుగా లోపల కుక్కుకున్నదంతా ఆమె మీద కక్కేశాను. "ఆ మంత్రసాని ముసల్దాన్ని పిండనిచ్చుంటే నాకీ గతి పట్టునా? అంతా నీవల్లే! నువ్వే నన్నిలా సేసేవు" అని, దారినపోయేవాళ్ళు ఆగి చూస్తుండగా అరిచాను. అమ్మ నా మొహంలోకి చూసింది. "గుక్కపట్టి ఏడిత్తన్నావు నాయినా. సూడలేకపోనాను" అంది. జీవితం మొత్తం మీద ఆమె తన తరఫున చెప్పుకున్నది ఆ ఒక్క మాటే. ఇంటికొచ్చాక నాన్న అడిగితే, నేను నోరు తెరవకముందే "పరుగులో పోనాడు" అని అమ్మే చెప్పింది. ఆ అబద్ధమే అందరికీ నిజమైపోయింది. నాతోపాటు పెరిగిన మా బావ కూడా అదే నమ్మాడు. "పరుగు రానోడికి పోలీసుద్దోగమేటి బావా" అని నలభై ఏళ్ళకి పైగా ఏడిపిస్తూనే ఉన్నాడు.

తర్వాత నేను బస్సు కండక్టరునయ్యాను. నిజం చెప్పాలంటే ఆ ఉద్యోగంలో నాకు నచ్చింది తోలు సంచీ. అందరిలా నడుం పక్కకి వేలాడేసుకోకుండా గుండెల మీదికి లాక్కుని పట్టుకునేవాణ్ణి. దొంగలంటే ఈయనకెంత భయమో అని ప్రయాణికులు నవ్వుకునేవారు. దేవరాపల్లి బస్సయినా కోటవురట్ల బస్సయినా నాకొకటే. రావికమతం బస్సు పడిన రోజు మాత్రం స్టాండులో నిలబడి ఆ పేరు అరవడానికి నోరొచ్చేది కాదు, డ్రైవరు చేత అరిపించేవాణ్ణి. పెళ్ళిలో నలుగు పెట్టేటప్పుడు బనీను విప్పనని మొండికేస్తే ఆడవాళ్ళు నవ్వుతూ నలుగుపిండి బనీను మీదే రుద్దేశారు. మా ఆవిడ ఆ తర్వాత ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆరెంపీ డాక్టరు చెప్పినట్టు పెళ్ళితో ఏదీ సద్దుకోలేదు, నేనే సద్దుకున్నాను. పిల్లలు చిన్నప్పుడు నా గుండెల మీద పడుకుందామని ఎక్కితే పక్కకి దించేసేవాణ్ణి. వాళ్ళకిప్పుడు అది గుర్తుందో లేదో, నాకు మాత్రం తలుచుకుంటే బాధగా ఉంటుంది.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ నా బట్టలు తనే ఆరేసేది, బనీన్లు పైకి కనబడకుండా వాటి మీద చొక్కాలు వేసి. ఆ రోజు గోడ పక్కన అన్న మాటని నేను వెనక్కి తీసుకోలేదు. తప్పు ఆమెదేనని నేనూ నమ్మాను మరి.

కిషోరు వచ్చి వెళ్ళాక రెండు రోజులు నాలో నేనే కొట్టుమిట్టాడాను. వద్దని చెప్పాలనే ఉంది. కత్తి పెట్టాక ఏమౌతుందో ఎవరికి తెలుసు? దానికి తోడు ఒక నీచపు ఆలోచన కూడా వచ్చింది, దాచడమెందుకు. నేను యాభై ఏళ్ళు మోసినదాన్ని వీడు ఒక్క పూటలో దించేసుకుంటాడా అని. మేనల్లుడి మీద అలాంటి ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. మా చెల్లెలు రమణకి ఫోను చేసి, "ముందు డాక్టరేమంటారో విందాం, నేనూ వస్తాను" అన్నాను. బావ రానన్నాడు. రమణ, కిషోరు, నేను విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళాం.

ఆడ డాక్టరని ముందే తెలిస్తే నేను వెళ్ళేవాణ్ణి కాదు. కిషోరు మాత్రం నేననుకున్నంత జంకలేదు. చొక్కాలు విప్పి బల్ల మీద పడుకున్నాడు. ఆమె నొక్కి చూసి, ఏమైనా మందులు వాడుతున్నావా, జిమ్ములో పొడులేమైనా తాగావా అని అడిగి, రక్తపరీక్షల కాగితాలు తిరగేసి, మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. వయసొచ్చే మగపిల్లల్లో చాలామందికి ఇది వస్తుందట, ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుందట. పోకుండా ఇన్నేళ్ళు ఉండిపోతే గడ్డ గట్టిపడిపోతుంది, ఇక మాత్రలతో పెద్దగా లాభముండదు. పరీక్షలన్నీ బాగున్నాయి కాబట్టి ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసినా ప్రాణానికేమీ కాదు. వద్దనుకుంటే చనుమొన అంచున చిన్న కోత పెట్టి గడ్డ తీసేయాలి. తీశాక లోపల రక్తం చేరొచ్చు, అక్కడ స్పర్శ తగ్గొచ్చు, కొందరికి అది తిరిగి రాదు కూడా. రెండువైపులా అచ్చు ఒకేలా రాకపోవచ్చు. కొన్ని వారాలు బిగుతు బనీను వేసుకోవాలి. "చేయించుకోమనీ వద్దనీ నేను చెప్పను. తొందరేం లేదు, ఆలోచించుకో" అంది. "ఆలోచించుకుంటానండీ" అన్నాడు వాడు. అది నాకు నచ్చింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగిందామె. రమణ నా వైపు చూడకుండా బల్ల మీదున్న కాగితాల వైపు చూసింది. "నాకుంది" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆమె రాసుకుని, "మీరూ ఒకసారి చూపించుకోండి. ఒకవైపు కొత్తగా గడ్డ గానీ మార్పు గానీ కనిపిస్తే అస్సలు ఆలస్యం చేయొద్దు" అంది. నేను తలూపాను. అప్పుడు రమణ ఉన్నట్టుండి ఏడుపు మొదలుపెట్టింది.

"నేనేటీ తప్పు సెయ్యనేదు డాక్టరమ్మా. మాయమ్మ సేసిన తప్పు నేను సెయ్యకూడదని, ఈడు పుట్టినప్పుడు పురుడెల్లేదాకా దినమూ దగ్గరుండి పాలు పిండించేను. ఒకేపు సీము పట్టి జొరమొచ్చినా మాన్పించనేదు. అంత సేసినా ఈడికెందుకొచ్చినాదమ్మా?"

డాక్టరు కలం పక్కన పెట్టింది. "అయ్యో, పసిపిల్లలకి పిండకూడదమ్మా. తల్లి ఒంట్లోంచి వచ్చిన హార్మోన్ల వల్ల అలా ఉబ్బుతాయి, కొన్నాళ్ళకి వాటంతటవే తగ్గిపోతాయి. పిండితే మీరన్నట్టు చీము పడుతుంది. దానికీ దీనికీ సంబంధమే లేదు. మీ తప్పూ లేదు, మీ అమ్మగారి తప్పూ లేదు."

ఆ తర్వాత గదిలో ఏం మాట్లాడుకున్నారో నాకు గుర్తులేదు. వాడికి పిండారు, నాకు పిండలేదు. ఇద్దరికీ వచ్చింది. ఇది తెలుసుకోవడానికి డాక్టరు కూడా అక్కర్లేదు. కిషోరుకి మొదలైన రోజుల్లో మా చెల్లెల్ని ఒక్కమాట అడిగివుంటే తేలిపోయేది. అప్పటికి అమ్మ ఇంకా ఉంది. ఆ తర్వాత రెండేళ్ళు ఉంది. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు కాబట్టి నేను అడగలేదు, చెల్లెలు చెప్పలేదు, అమ్మ ఆ నేరం నెత్తిన పెట్టుకునే పోయింది.

వరండాలోకి వచ్చి కూర్చున్నామో లేదో చెల్లెలి ఫోను మోగింది. బావ. నాకిమ్మన్నాడు. ఆయన గొంతు స్పీకరు పెట్టకపోయినా నలుగురికీ వినబడుతుంది.

"ఏటన్నాది బావా డాక్టరమ్మ? పేణానికేటీ నేదంది గదా?"

"లేదంది."

"మరింకేటి! ఆడికి నువ్వు సెప్పు. నువ్వు బతకనేదా?"

"బతికేను బావా. ఎలా బతికేనో సెప్తాను, ఇను" అన్నాను.

చెప్పాను. వరసలో నిలబడి నాలుగో గుండీ విప్పలేని సంగతి, అమ్మని అన్న మాట, పిల్లల్ని గుండెల మీద పడుకోనివ్వని సంగతి, అన్నీ చెప్పాను. నర్సులు అటూ ఇటూ తిరుగుతున్నారు, ఎదురు కుర్చీల్లో ఎవరో కూర్చున్నారు. నేను గొంతు తగ్గించలేదు. రమణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కిషోరు కదలకుండా కూర్చుని విన్నాడు.

"పరుగులో పోనావన్నారు గదా బావా?" అన్నాడు బావ.

"పరుగులో నాలుగోవాణ్ణి."

అటువైపు టీవీ చప్పుడు ఆగిపోయింది. "ఫోను ఆడికియ్యి" అన్నాడు.

కిషోరు ఫోను అందుకున్నాడు. "నీకు సేయించుకోవాలనున్నాదేటిరా?" అని బావ అడగడం నాకు వినబడింది.

"ఉంది నాన్నా. భయంగా కూడా ఉంది."

"బయమెందుకురా. ఏ రోజు రమ్మంటారో అడుగు. నేనూ వత్తాను. నీ పక్కనే ఉంటాను."

వాడు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు సంతోషం వేసింది, అంతకంటే ఎక్కువ దుఃఖం వేసింది. నా రోజుల్లో ఈ డాక్టర్లు లేరు, ఈ ఆపరేషన్లు లేవు, దీని పేరు కూడా తెలిసినవాళ్ళు లేరు, అందుకే నా బతుకు అలా గడిచిందని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. పక్కనుండే మనిషి మాత్రం ఆ రోజు నాకూ ఉంది. పొద్దుటి నుంచి ఆ గోడ పక్కన అన్నం తినకుండా కూర్చుంది. నేను తిట్టింది ఆమెనే.